ఆరు వారాల వేసవి, పదకొండేళ్ల దారి

అమెరికాలో జూన్ వచ్చేసరికి యూనివర్సిటీ హాస్టళ్లు చాలావరకు ఖాళీ అయిపోతాయి. కొన్నింట్లో మాత్రం అప్పుడే కొత్త పిల్లలు పెట్టెలతో దిగుతారు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ, రాజధానిలోని హోవార్డ్ యూనివర్సిటీ, ఒమాహాలోని నెబ్రాస్కా మెడికల్ సెంటర్‌లలో ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చిన దృశ్యమిది. దిగినవాళ్లు డిగ్రీ మొదటి ఏడాదో రెండో ఏడాదో ముగించినవాళ్లు. చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులు. ఆరు వారాలు అక్కడే ఉంటారు. బస, భోజనం ఉచితం, పైగా చేతిఖర్చుకు 600 డాలర్లు. ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ క్లాసులు వింటారు. ఆసుపత్రిలో డాక్టర్ల వెంట తిరుగుతారు. దరఖాస్తులో తమ గురించి ఎలా రాసుకోవాలో, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో, చదువు అప్పు ఎక్కడ దొరుకుతుందో నేర్చుకుంటారు.

దీని పేరు సమ్మర్ హెల్త్ ప్రొఫెషన్స్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ డబ్బుతో 1980ల చివర్లో మొదలైనప్పుడు ఇది నల్లజాతి, లాటినో, ఆదివాసీ తెగల విద్యార్థులను మెడిసిన్ వైపు తెచ్చే పథకం. తర్వాత పేర్లు మారాయి, దంతవైద్యం కలిసింది. 2016 నుంచి నర్సింగ్, ఫార్మసీ, ప్రజారోగ్యం వంటి చదువులూ చేరాయి. పన్నెండు యూనివర్సిటీల్లో, ఒక్కో చోట 80 మంది చొప్పున నడుస్తూ వచ్చిన ఈ శిబిరాల్లో ఇప్పటికి ముప్పై వేల మందికి పైగా పాల్గొన్నారు. ఇంత డబ్బు, ఇన్నేళ్ల శ్రమ పెట్టాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పేదింటి పిల్లను డాక్టర్ని చెయ్యడంలో ఆరు వారాలు ఎంతవరకు పనికొస్తాయి?

మన దగ్గర ఇంటర్ బైపీసీ తర్వాత ఒక్క నీట్ ర్యాంకుతో దారి తేలిపోతుంది. అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ చెయ్యాలి. అందులో కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ మార్కులు ఎక్కడా జారకూడదు. మెడిసిన్ ప్రవేశానికి రాసే ఎంక్యాట్ పరీక్ష దాదాపు రోజంతా సాగుతుంది, దాని ఫీజే 300 డాలర్ల పైన. డాక్టర్ల వెంట తిరిగిన అనుభవం, ల్యాబ్‌లో కొంత పరిశోధన, ప్రొఫెసర్ల సిఫారసు ఉత్తరాలు ఉండాలి. పదో పదిహేనో కాలేజీలకు దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రతిదానికీ విడిగా ఫీజు. సీటొస్తే నాలుగేళ్ల మెడిసిన్, ఆపైన కనీసం మూడేళ్ల రెసిడెన్సీ. అంతా కలిపితే పదకొండేళ్లు.

ఈ దారిలో ఏ పని ఎప్పుడు చెయ్యాలో ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో స్థిరపడ్డ తెలుగు డాక్టర్ల పిల్లలకు ఇదంతా భోజనాల దగ్గర మాటల్లోనే తెలిసిపోతుంది. సెలవుల్లో కూర్చుని చూడటానికి నాన్న స్నేహితుడి క్లినిక్ ఉంటుంది. ఎంక్యాట్ ఏ నెలలో రాస్తే మంచిదో చెప్పడానికి అప్పటికే మెడిసిన్ చదువుతున్న అక్క ఉంటుంది. మిసిసిపి డెల్టాలోని చిన్న ఊళ్లో, తల్లి నర్సింగ్ హోమ్‌లో ఆయాగా పనిచేసే ఇంట్లో, అదే తెలివితేటలున్న పిల్లకు ఇవేవీ ఉండవు. పైగా వేసవి ఆమెకు సెలవు కాదు, వచ్చే ఏడాది ఫీజుకు నాలుగు డబ్బులు కూడబెట్టుకునే కాలం. 600 డాలర్ల చేతిఖర్చు ఆమె వదులుకున్న కూలికి సరిపోదు. ఈ శిబిరాలను మెచ్చుకునేవాళ్లు కూడా చాలాసార్లు పట్టించుకోని సంగతి ఇది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం సమాచారం ప్రకారం 1980ల చివరి నుంచి 2017 దాకా మెడిసిన్‌లో చేరినవాళ్లలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది ఆదాయంలో పై 40 శాతం కుటుంబాల పిల్లలే. అట్టడుగు 20 శాతం కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు దాదాపు 5 శాతం. మూడు దశాబ్దాలలో ఈ పొందిక పెద్దగా కదలలేదు.

దీని వెనక చరిత్ర కూడా ఉంది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ కార్నెగీ ఫౌండేషన్ కోసం అమెరికా మెడికల్ కాలేజీలన్నీ చూసి ఒక నివేదిక రాశారు. వైద్యవిద్య ప్రమాణాలను పెంచిన నివేదికగా దానికి గొప్ప పేరుంది. నల్లజాతివారి కోసం అప్పుడున్న ఏడు కాలేజీల్లో హోవార్డ్, మెహారీ రెండే నిలవదగ్గవని కూడా అందులోనే రాశారు. మిగిలిన ఐదూ కొద్ది ఏళ్లలో మూతపడ్డాయి. అవి నడిచి ఉంటే 2019 నాటికి మరో 35 వేల మందికి పైగా డాక్టర్లు తయారై ఉండేవారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఆ లోటును పూడ్చడానికి 1960ల చివరిదాకా పెద్ద ప్రయత్నమేదీ జరగలేదు. 1969లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీ డిగ్రీ పూర్తిచేసిన నల్లజాతి విద్యార్థులకు ఏడాది పాటు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. 1972లో ఫెడరల్ ప్రభుత్వం హెల్త్ కెరీర్స్ ఆపర్చునిటీ ప్రోగ్రామ్ తెచ్చింది. దేశమంతటా వేసవి శిబిరాలకు దన్నుగా నిలిచిన పథకాల్లో ఇది ముఖ్యమైనది.

డాక్టరు ఏ ఇంటినుంచి వచ్చారన్నది రోగికి నిజంగా తేడా తెస్తుందా అని కొందరు అడుగుతారు. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఆర్థికవేత్త మార్సెల్లా అల్సాన్, ఆమె సహచరులు దీన్ని నేరుగా పరీక్షించారు. నల్లజాతి పురుషులను ఒక క్లినిక్‌కు పిలిచి, లాటరీ పద్ధతిలో కొందరిని నల్లజాతి డాక్టర్ల దగ్గరకు, కొందరిని ఇతర డాక్టర్ల దగ్గరకు పంపారు. డాక్టరుతో మాట్లాడాక షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలకు ఒప్పుకున్నవాళ్లు నల్లజాతి డాక్టర్లను కలిసినవాళ్లలోనే స్పష్టంగా ఎక్కువ. అంతకు ముందే, 1996లో, కాలిఫోర్నియాలోనే జరిగిన మరో అధ్యయనం ఇంకో సంగతి తేల్చింది. డాక్టర్లు తక్కువగా ఉండే నల్లజాతి, లాటినో బస్తీల్లో ప్రాక్టీసు పెట్టడం ఆ వర్గాల డాక్టర్లలోనే ఎక్కువ. కాబట్టి ఈ శిబిరాలను విద్యార్థికి చేసే ఉపకారంగా మాత్రమే చూడటం సరిపోదు. ఆసుపత్రి గుమ్మందాకా వచ్చి వెనుదిరిగే రోగి ప్రయోజనం కూడా వీటిలో ఉంది.

అసలు ప్రశ్నకు వస్తే, మొదటి గట్టి సమాధానం 1998లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. 1997లో మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టిన మైనారిటీ విద్యార్థుల్లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ వేసవి శిబిరానికి వెళ్లొచ్చినవాళ్లను, వెళ్లనివాళ్లను పోల్చారు. వెళ్లినవాళ్లలో సుమారు 49 శాతం మందికి సీటొచ్చింది, వెళ్లనివాళ్లలో సుమారు 42 శాతం మందికి. మార్కులు, పరీక్ష స్కోర్ల వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా నిలిచింది. ఏడు శాతం చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఆరు వారాల పనికి అది చిన్న ఫలితం కాదు.

అయితే వేసవి శిబిరానికి దరఖాస్తు పెట్టే పిల్లలో పట్టుదల ముందే ఉంటుంది. సీటు తెచ్చింది శిబిరమా, ఆ పట్టుదలా అన్న అనుమానం ఎంత లెక్కగట్టినా పూర్తిగా పోదు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేస్తేనే అది తేలుతుంది. అలాంటి పరీక్ష ఒకటి 2009 వేసవిలో టెక్సాస్‌లో జరిగింది. అది వైద్యవిద్యకు సంబంధించింది కాదు. లెక్కల్లో, ఇంగ్లిష్‌లో వెనకబడ్డ కొత్త విద్యార్థులకు ఎనిమిది కాలేజీల్లో నాలుగైదు వారాల వేసవి తరగతులు పెట్టారు. సుమారు 1,300 మంది పాల్గొన్న ఆ అధ్యయనంలో, తరగతులకు వెళ్లినవాళ్లు మొదటి ఏడాది, ఏడాదిన్నరలో లెక్కల్లోనూ రచనలోనూ కాలేజీ స్థాయి కోర్సులను ముందుగా గట్టెక్కారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ తేడా చెరిగిపోయింది. కాలేజీలో నిలబడటంలో, క్రెడిట్లు సంపాదించడంలో రెండు వర్గాలూ ఒకటే. ఒక్క వేసవితో పని అయిపోతుందని నమ్మే ప్రతి అధికారీ చదవాల్సిన ఫలితం ఇది.

దీని పక్కనే మరో ఫలితాన్ని పెట్టి చూడాలి. కాలిఫోర్నియా యూనివర్సిటీ మెడికల్ కాలేజీలు కొన్ని కలిసి, ఒకసారి సీటు రాక వెనుదిరిగిన విద్యార్థులకు ఏడాది పొడవునా శిక్షణ ఇస్తాయి. వేసవిలో మొదలయ్యే ఆ శిక్షణలో క్లాసులు, ఎంక్యాట్ తయారీ, దరఖాస్తు దిద్దుబాటు అన్నీ ఉంటాయి. 2006లో జామాలో వచ్చిన అధ్యయనం ప్రకారం అందులో చేరినవాళ్లలో 67 శాతం పైన చివరికి మెడిసిన్‌లో చేరారు. పోలిక కోసం తీసుకున్న వర్గంలో 22 శాతం పైచిలుకు మాత్రమే చేరారు. రెండు పథకాల విద్యార్థులు ఒకే రకం కాదు కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి తూచకూడదు. అయినా వేసవి దాటి పిల్లల చెయ్యి వదలని చోట ఫలితం ఎంత పెద్దదో కనిపిస్తూనే ఉంది.

ఆ తోడు ఎలా ఉండాలన్నది ఇంకా లోతైన విషయం. 1970ల్లో బర్క్‌లీలో యూరి ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధకుడు కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారో తెలుసుకోవాలనుకున్నారు. తోటి అధ్యాపకులను అడిగితే శ్రద్ధ లేదని, స్కూల్లో పునాది సరిగా పడలేదని, ఇంట్లో చదువు మీద ఆసక్తి తక్కువని, పేదరికమని కారణాలు చెప్పారు. ట్రైస్‌మన్ ఇరవై మంది నల్లజాతి విద్యార్థులతో, ఇరవై మంది చైనా మూలాలున్న విద్యార్థులతో నెలల తరబడి గడిపి, వాళ్లు ఎలా చదువుతున్నారో చూశారు. అధ్యాపకులు చెప్పిన కారణాల్లో ఒక్కటీ నిలవలేదు. నల్లజాతి విద్యార్థులు చెప్పినన్ని గంటలు, చెప్పినట్టే చదివారు. కానీ ఒంటరిగా చదివారు. చైనీస్ విద్యార్థులు ఎవరికి వారు లెక్కలు చేసుకున్నాక సాయంత్రాలు కలిసి కూర్చుని ఒకరి తప్పు ఒకరు పట్టుకునేవారు, పాత పరీక్ష పేపర్లు చేసేవారు, తాము ఎక్కడ ఉన్నారో తెలుసుకునేవారు. ఒంటరిగా చదివినవాళ్లకు ఆ సంగతి పరీక్షలో తప్పాకే తెలిసేది.

ట్రైస్‌మన్ తర్వాత పెట్టిన వర్క్‌షాపుల్లో వెనకబడ్డవాళ్లకు తేలిక లెక్కలు ఇచ్చే పాత పద్ధతిని పక్కనపెట్టారు. మామూలు క్లాసు కంటే కష్టమైన లెక్కలిచ్చి గుంపులుగా చెయ్యమన్నారు. నీకు రాదు కాబట్టి పిలిచామని కాక, నువ్వు గట్టివాడివి కాబట్టి పిలిచామని చెప్పారు. ఫలితాలు తారుమారయ్యాయి. మంచి శిబిరానికీ నీరసమైన శిబిరానికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. స్కూలు పాఠాన్నే మళ్లీ నెమ్మదిగా చెప్పే శిబిరం పిల్లవాడికి వాడి బలహీనతనే గుర్తుచేస్తుంది.

ఇదే సూత్రాన్ని ఒక కాలేజీ మొత్తానికి పట్టించిన చోటు న్యూ ఆర్లీన్స్‌లోని జేవియర్ యూనివర్సిటీ. మూడు వేల పైచిలుకు విద్యార్థులున్న చిన్న కాథలిక్ సంస్థ అది, నల్లజాతివారి కోసం పెట్టింది. దాని దగ్గర హార్వర్డ్ నిధుల్లో ఆవగింజంత కూడా లేదు. అయినా అక్కడినుంచి మెడిసిన్‌కు వెళ్లిన నల్లజాతి పట్టభద్రుల సంఖ్య దశాబ్దాల పాటు దేశంలో మొదటి వరుసలో నిలిచింది. 1968 నుంచి 2015 దాకా అధ్యక్షుడిగా ఉన్న నార్మన్ ఫ్రాన్సిస్ అండతో, కెమిస్ట్రీ ప్రొఫెసర్ జె.డబ్ల్యు. కార్మైకేల్ 1977లో సోర్ అనే వేసవి శిబిరం మొదలుపెట్టారు. కాలేజీలో చేరబోయే పిల్లలకు అందులో విశ్లేషణ నేర్పేవారు. ఒకరు లెక్క చేస్తూ తన ఆలోచనను పైకి చెబుతూ ఉంటే, పక్కవాళ్లు వింటూ ఎక్కడ జారిందో పట్టుకోవాలి. జట్లు కట్టి పోటీలు పెట్టేవారు. తర్వాత కెమిస్ట్రీకి, బయాలజీకి, లెక్కలకు విడిగా శిబిరాలు వచ్చాయి.

జేవియర్ బలమంతా శిబిరంలో లేదు. ఆగస్టులో కాలేజీ తెరిచాక జరిగేదే ముఖ్యం. కెమిస్ట్రీ, బయాలజీ మొదటి కోర్సులు ఏ సెక్షన్‌లో ఎవరు చెప్పినా ఒకటే సిలబస్, ఒకటే వర్క్‌బుక్, వారం వారం పరీక్ష. ఎవరు జారిపోతున్నారో సెమిస్టర్ చివరిదాకా ఆగకుండా ముందే తెలుస్తుంది. చదువుకునే గుంపులను అధ్యాపకులే ఏర్పాటు చేస్తారు. ప్రీ-మెడ్ ఆఫీసు దరఖాస్తు గడువులు ముందుగా గుర్తుచేస్తుంది, విద్యార్థి రాసిన వ్యాసాన్ని మళ్లీ మళ్లీ దిద్దిస్తుంది, సిఫారసు ఉత్తరాలు కూడగడుతుంది. వేరే ఇళ్లలో నాన్నా అక్కా చేసే పని ఇక్కడ కాలేజీ చేస్తుంది. 2005 ఆగస్టులో కత్రినా తుపాను క్యాంపస్‌ను ముంచేసినా మరుసటి జనవరికల్లా క్లాసులు మొదలయ్యాయి. ఇప్పుడు జేవియర్ ఆక్స్నర్ ఆసుపత్రుల సంస్థతో కలిసి సొంత మెడికల్ కాలేజీ పెట్టే పనిలో ఉంది.

దీనికి తలకిందులుగా స్టాన్‌ఫర్డ్‌లో డోనాల్డ్ బార్ బృందం 2008లో బయటపెట్టిన సంగతి చూడాలి. మెడిసిన్ చదవాలని వచ్చిన మైనారిటీ విద్యార్థులు, అమ్మాయిలు ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే ఆ ఆశ వదులుకుంటున్నారు. వాళ్లు చెప్పిన ప్రధాన కారణం కెమిస్ట్రీ కోర్సుల అనుభవం. దేశంలోనే గొప్ప యూనివర్సిటీలో, కష్టపడి సీటు తెచ్చుకున్న పిల్లలు, వందల మంది కూర్చునే హాల్లో ఒక్క కోర్సు దగ్గర వెనుదిరుగుతున్నారు. అలాంటి హాలుకు పంపే ముందు ఆరు వారాలు ఎంత బాగా నేర్పినా సగం పని మిగిలే ఉంటుంది.

ఇక డబ్బు విషయం. ఈ పథకాలన్నిటికీ ఉన్న పెద్ద జబ్బు నిలకడలేని నిధులు. ఫెడరల్ హెల్త్ కెరీర్స్ ఆపర్చునిటీ ప్రోగ్రామ్‌కు 2005లో సుమారు మూడున్నర కోట్ల డాలర్లుండేవి. 2006లో అది సుమారు 40 లక్షల డాలర్లకు పడిపోయింది. పన్నెండేళ్ల వయసులో పిల్లను గుర్తించి ఇరవై మూడేళ్లకు మెడికల్ కాలేజీలో చేర్చాలనుకునే పనికి ఒక్క బడ్జెట్‌తో పదోవంతు మిగలడమంటే ఆ పని ఆగినట్టే. డబ్బుతో పాటు చట్టాలూ అడ్డుపడ్డాయి. మెడికల్ కాలేజీల సంఘం 1991లో ఏటా మూడు వేల మంది మైనారిటీ విద్యార్థులను చేర్చాలని, 2000 నాటికి సాధించాలని లక్ష్యం పెట్టుకుంది. కాలిఫోర్నియాలో 1996లో ప్రపోజిషన్ 209 అనే రాజ్యాంగ సవరణ, టెక్సాస్‌లో అదే ఏడాది హాప్‌వుడ్ తీర్పు ప్రవేశాల్లో జాతి ప్రాతిపదికను తోసేశాయి. లక్ష్యం అందలేదు. 1978లో మెడిసిన్‌లో చేరిన నల్లజాతి పురుషులు 542 మంది, 2014లో 515 మంది. ముప్పై ఆరేళ్లలో జనాభా, సీట్లు, కాలేజీలు పెరిగాయి, ఆ అంకె మాత్రం తగ్గింది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు దేశమంతటా ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని ఆపేశాక, పేదరికం, పల్లె నేపథ్యం, మొదటి తరం చదువు అన్నవే ఇలాంటి శిబిరాలకు ఎంపిక కొలతలుగా మిగులుతున్నాయి.

తెలుగు నేల మీద ఇదే పనిని వేరే రూపంలో గురుకులాలు చేస్తున్నాయి. హైదరాబాద్ శివారులో గౌలిదొడ్డి, కర్నూలు జిల్లాలో చిన్నటేకూరు సాంఘిక సంక్షేమ గురుకులాలు దళిత పిల్లలకు నీట్ శిక్షణ ఇచ్చి ఎంబీబీఎస్‌లోకి పంపుతున్నాయి. ప్రైవేటు లాంగ్ టర్మ్ కోచింగ్‌కు లక్షలు పెట్టలేని ఇళ్ల నుంచి ఈ పిల్లలు రావడం చిన్న విజయం కాదు. తమిళనాడు ఇంకో దారి పట్టింది. ప్రభుత్వ బడుల పిల్లలకు 2020లో మెడికల్ సీట్లలో 7.5 శాతం కోటా పెట్టి, వేళ్ల మీద లెక్కపెట్టే సంఖ్యను ఒక్క ఏడాదిలో మూడు వందలు దాటించింది.

సీటు వచ్చాక ఏమవుతుందన్నదే మన దగ్గర అందరూ వదిలేసిన ప్రశ్న. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన అమ్మాయి మొదటి ఏడాదిలో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఇంగ్లిష్‌లో చదవాలి. ఆ మొదటి పరీక్షకు నాలుగు అవకాశాలే ఉన్నాయి. 2019లో కొత్త పాఠ్యప్రణాళికతో పాటు నెల రోజుల ఫౌండేషన్ కోర్సు వచ్చింది. భాష, కంప్యూటర్ వాడకం, ఆసుపత్రి పరిచయం అందులో ఉన్నాయి. తర్వాతి ఏళ్లలో అది కుదించుకుపోయింది. సీటు తర్వాతి ఒంటరితనం ఎంత బరువో ఢిల్లీ ఎయిమ్స్ మీద 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఇచ్చిన నివేదికలో ఉంది. హాస్టల్ గదుల్లో, మెస్సులో, ఆటల్లో దళిత, ఆదివాసీ విద్యార్థులను ఎలా దూరం పెట్టారో అది నమోదు చేసింది. ట్రైస్‌మన్ బర్క్‌లీలో చూసిన ఒంటరి చదువు ఇక్కడ కులం రూపంలో ఎదురవుతుంది.

అందుకే వేసవి శిబిరాన్ని గానీ, నీట్ శిక్షణను గానీ ఎంతమందికి సీటొచ్చిందన్న అంకెతో మాత్రమే కొలవడం తప్పు. ఎంతమంది మొదటి ఏడాది మొదటి ప్రయత్నంలోనే గట్టెక్కారు, ఎంతమంది డిగ్రీ పట్టా అందుకున్నారు అన్నది కూడా అదే పట్టికలో ఉండాలి. ఉస్మానియా, గుంటూరు, కాకినాడ, విశాఖ కాలేజీల్లో ప్రభుత్వ ఖర్చుతో చదివి అమెరికాలో స్థిరపడ్డ తెలుగు డాక్టర్లు వేల సంఖ్యలో ఉన్నారు. పూర్వవిద్యార్థి సంఘాలు పెట్టుకుని పాత కాలేజీలకు సాయం చేస్తున్నారు. వాళ్లు మరో పని కూడా తలకెత్తుకోవాలి. ఈ ఏడాది గురుకులాల నుంచి ఎంబీబీఎస్‌లో చేరిన ప్రతి విద్యార్థికీ ఒక డాక్టరు, మొదటి ఏడాది పరీక్ష అయ్యేదాకా, వారానికి ఒక గంట ఫోన్లో తోడుండాలి. చేరిన పిల్లల పేర్లు గురుకుల సొసైటీల దగ్గర ఉంటాయి. ఆ జాబితా అడిగి తీసుకోండి.